బోర్డు మీద ఇరవై, కాలి కింద గాజు

పద్నాలుగు శీతకాలాలు ఒక స్కీ కొండ మీద గస్తీ ఉద్యోగం చేశాను. ఇప్పుడు కుడి మోకాలు ఒప్పుకోవడం లేదు కాబట్టి ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. ఈసారి వచ్చినవాటిలో సగం తిట్లే. తిట్టినవారికే ముందు జవాబు.

ప్రశ్న: మేడమ్, బయలుదేరిన రోజు ఉదయం రిసార్టు వాళ్ల మంచు నివేదిక చూశాను. నేల మీద మొత్తం మంచు 60 సెంటీమీటర్లు, రాత్రి పడిన కొత్త మంచు 20 సెంటీమీటర్లు అని ఉంది. మర్నాడు మధ్యాహ్నం కొండ ఎక్కి చూస్తే మొదటి వాలు మీదే స్కీలు గాజుపలక మీద జారినట్టు జారాయి. నడుము పట్టేసింది. ఆ ఇరవై సెంటీమీటర్లను ఎవరు ఎత్తుకుపోయారు? ఇది మోసం కాదా?
– ఇంకా కోపం తగ్గని పాఠకుడు

జవాబు: ఎత్తుకుపోయినవాళ్లు ముగ్గురు: గాలి, ఎండ, మీకంటే ముందు దిగిన జనం. మోసమా అంటే, కొంత. ఆ కొంతలో నా చేయి కూడా ఉంది.

ఆ అంకె ఎలా పుడుతుందో వినండి. ఉదయం అయిదు గంటలకు నుదుటికి దీపం కట్టుకుని, గస్తీ గది వెనక పైన్ చెట్ల నడుమ ఉన్న చిన్న ఖాళీ జాగాకు వెళ్లేదాన్ని. అక్కడ తెల్లరంగు వేసిన చదరపు చెక్క ఒకటి ఉండేది. రాత్రి దాని మీద పడిన మంచులో స్కేలును నిలువుగా గుచ్చి, అంకె చూసి, చెక్కను తుడిచి, మళ్లీ మంచు పైన చదునుగా పెట్టి వచ్చేదాన్ని. అంతే పని. చెక్కను చెట్ల మధ్య ఎందుకు పెడతారంటే, గాలి తగిలే చోట పెడితే మంచు కొట్టుకుపోయి కొలత చెడుతుంది. కాబట్టి ఆ 20 నిజమే, కాకపోతే అది చెక్క మీది నిజం. మీరు జారిన వాలుకు చుట్టూ పైన్ చెట్లు లేవు. దాని మీద పడిన మంచును గాలి రాత్రికి రాత్రే గట్టు అవతలకు తోసి ఉంటుంది.

ఇక నా వాటా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక ఉదయం 17 వచ్చింది. అప్పటి మేనేజరు "గుండుగుత్తగా ఇరవై వేసెయ్యి" అన్నాడు. వేశాను. ఆ వారాంతం జనాన్ని కొండ పైకి మోసే లిఫ్టు దగ్గర బారులు తీరిన జనాన్ని చూసి తల దించుకున్నాను. మరుసటి ఏడు నుంచి ఎంత వస్తే అంతే రాశాను. మూడు సెంటీమీటర్లతో ఎవరి బతుకూ మారదనుకోండి, కానీ స్కేలు నా చేతిలోనే ఉంది కదా.

అసలు సంగతి మంచు పడ్డాక మొదలవుతుంది. తాజా మంచులో పదింట తొమ్మిది వంతులు గాలే. పది సెంటీమీటర్ల మంచును కరిగిస్తే సుమారు ఒక సెంటీమీటరు నీళ్లు వస్తాయి. బాగా చలిలో పడిన పొడి మంచైతే ఆ ఒక్క సెంటీమీటరు నీళ్లకు ఇరవై సెంటీమీటర్ల మంచు కావాలి. సున్నా డిగ్రీల దగ్గర పడిన తడి మంచు అయిదు సెంటీమీటర్లు చాలు. నివేదికలో మూడింటికీ ఒకటే మాట: కొత్త మంచు. మంచు తన బరువుకు తానే కుంగుతుంటే, ఆ గాలిలో కొంత ఒక్క రోజులోనే బయటికి పోతుంది. దాని మీద రెండు వేలమంది స్కీలతో ఒరుసుకుంటూ దిగితే, పైనున్న మెత్తన అంతా వాలు అంచులకు చేరి మధ్యలో గడ్డ బయటపడుతుంది. మధ్యాహ్నం మీకు తగిలింది ఆ గడ్డే.

మనకు మంచు అనే మాట ఒక్కటే. గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. కొండ మీద దానితో పని నడవదు. అందుకే నా నోటుపుస్తకంలో నాకోసం కొన్ని పేర్లు పెట్టుకున్నాను. పిండిమంచు: ఊదితే ఎగిరేది, స్కీ కింద చప్పుడే చేయనిది. గాజు: పగలు కరిగి రాత్రి గడ్డకట్టినది, మీకు పరిచయమైనది. చిత్తడి: వసంతంలో మధ్యాహ్నం దాటాక స్కీలను పట్టి లాగేది. గళ్లుప్పు: ఇది చాలామందికి తెలియదు. వసంతంలో రాత్రి గడ్డకట్టిన పైపొర ఉదయపు ఎండకు ఒక వేలెడు మందం వదులై, ముతక ఉప్పురాళ్లలా విడిపోతుంది. దాని మీద దిగడం చిన్నపిల్లలకూ సులువే. ఉండేది మాత్రం గంటా గంటన్నర. ముందుగా తూర్పు వాలు మీద, తర్వాత దక్షిణం, ఆఖరున పడమర. ఎండ వెంట తిరిగేవాళ్లకే దొరుకుతుంది. చివరిది పెచ్చుమంచు. పైన గట్టి పొర, కింద మెత్తన. కాలు మోపితే ఒక్క క్షణం మోస్తుంది, నమ్మగానే విరిగి మోకాలిదాకా లోపలికి లాక్కుంటుంది. నా మోకాలి కథ అదే.

మళ్లీ వెళ్లేటప్పుడు సెంటీమీటర్ల కంటే ముందు గత మూడు రోజుల ఉష్ణోగ్రతలు చూడండి. పగలు సున్నాకు పైన, రాత్రి కింద అని ఉంటే ఉదయం గాజు ఖాయం. గాలి ఎంత వేగంతో, ఎటు నుంచి వీచిందో చూడండి. అది వచ్చిన వైపుకు అవతలి వాలు మీద మీ ఇరవై సెంటీమీటర్లు ముప్పై అయి కూర్చుని ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో అయితే ఉత్తరం వైపు తిరిగిన వాలు ఎండకు దూరం, మంచు పొడిగా నిలుస్తుంది. కింద బస్సు దిగేచోట చినుకులు పడుతున్నా వెనక్కి తిరగకండి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి, అక్కడ అదే చినుకు మంచు.

ఇంకొకటి: ఉదయం మొదటి లిఫ్టుకే వెళ్లండి. రాత్రంతా గ్రూమర్ యంత్రాలు వాలును దువ్వి వదిలిన సన్నటి గీతలు అప్పటికి చెక్కు చెదరకుండా ఉంటాయి. యంత్రం నలిపిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సాయంత్రమే దువ్విన వాలు తెల్లవారుజామున దువ్వినదానికంటే మధ్యాహ్నం దాకా బాగా నిలుస్తుంది. ఏ వాలును ఎప్పుడు దువ్వారని గస్తీవాళ్లను అడగండి. ఆ ప్రశ్న అడిగినవాళ్లను మేం గుర్తుపెట్టుకునేవాళ్లం.

ప్రశ్న: యంత్రాలతో చల్లిన మంచు మీద స్కీ చేస్తే స్కీ చేసినట్టేనా? డబ్బు కట్టి కల్తీ సరుకు కొన్నట్టు అనిపించింది.
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: కల్తీ అనకండి, అందులో ఉన్నవి దాదాపు నీళ్లూ గాలే. తేడా ఆకారంలో ఉంది. మేఘంలో పుట్టే రేణువు ఆవిరి నుంచి నెమ్మదిగా పెరిగి ఆరు కొమ్మలు వేస్తుంది. యంత్రం నుంచి వచ్చేది గాలిలో గడ్డకట్టిన నీటి తుంపర, కాబట్టి కొమ్మలూ లేవు, నక్షత్రాలూ లేవు. గుండ్రటి గుళికలు దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి, అందుకే ఆ మంచు బరువుగా, గట్టిగా ఉంటుంది. పడితే దెబ్బ గట్టిగా తగులుతుందన్నది నిజం. కానీ ఎండకూ వానకూ తట్టుకుని వసంతంలో చివరిదాకా నిలిచేదీ అదే. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో మంచు పోటీలన్నీ దాదాపు పూర్తిగా యంత్రాల మంచు మీదే జరిగాయి. 2023 జనవరి మొదట్లో ఆల్ప్స్‌లో తక్కువ ఎత్తున్న కొండలు పచ్చగా ఉండిపోతే, మధ్యలో తెల్లటి పట్టీలా పరిచి కనిపించిందీ అదే.

ఆ యంత్రాలు ఎప్పుడు పడితే అప్పుడు తిరగవు. థర్మామీటరులో ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, గాలిలో తేమ ఎంతో కూడా చూడాలి. గాలి పొడిగా ఉంటే తుంపరలో కొంత ఆవిరైపోతూ మిగిలినదాన్ని చల్లబరుస్తుంది. సున్నాకు ఒక డిగ్రీ పైన ఉన్నా పొడి రాత్రయితే మంచు తయారవుతుంది, సున్నాకు కాస్త కింద ఉన్నా తేమ నిండిన రాత్రి నీళ్లే కురుస్తాయి. అందుకే మావాళ్లు, చలినీ తేమనూ కలిపి చెప్పే తడి బల్బు అంకె మైనస్ రెండున్నర దగ్గరికి వచ్చేదాకా పంపుల గదిలో చేతులు కట్టుకుని కూర్చునేవారు. అది తగలగానే ఒక్కసారిగా లేచేవారు.

లిఫ్టు కింద యంత్రం తిరుగుతుంటే తల దించుకోండి. ఆ గుళికలు చెంపకు సూదుల్లా తగులుతాయి.

ప్రశ్న: జపాన్‌లో మంచు గొప్పదని మా స్నేహితుడు, మంచు ఎక్కడైనా మంచే అని నేను. పందెం కాశాం. తీర్పు చెప్పండి.

జవాబు: ఓడిపోయారు. సైబీరియా నుంచి వచ్చే పొడి చలిగాలి జపాన్ సముద్రం దాటేటప్పుడు, తనకంటే వెచ్చనైన ఆ నీటి నుంచి తేమ తాగుతుంది. జపాన్ ఉత్తరపు దీవి హొక్కైడో కొండలు అడ్డు తగలగానే పైకి లేచి, తాగిందంతా పిండిమంచుగా దించేస్తుంది. శీతకాలం పొడుగునా ఇదే వరస. చలి, తేమ రెండూ కావలసిన పాళ్లలో కుదిరిన చోటు అది. అక్కడి స్కీ ఊరు నిసెకో పేరు అంతగా వినిపించడానికి కారణం ఇదే.

ఆ పాళ్ల లెక్క తేల్చినవాడు కూడా హొక్కైడోలోనే ఉండేవాడు. ఉకిచిరో నకయా అనే భౌతికశాస్త్రవేత్త 1936లో అక్కడి విశ్వవిద్యాలయపు చలి గదిలో మంచు రేణువును తొలిసారి చేత్తో పెంచి చూపించాడు. దాన్ని పుట్టించింది కుందేలు వెంట్రుక కొన మీద. చలినీ తేమనూ మారుస్తూ పోతే ఒకచోట సూదులు, ఒకచోట పలకలు, మైనస్ పదిహేను దగ్గర కొమ్మల నక్షత్రాలు వచ్చాయి. ఆ నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి ఆనకుండా, కొమ్మలు అడ్డుపెట్టుకుని, మధ్యలో గాలి నింపుకుని పడితే పిండిమంచు. పందెం సొమ్ము ఇచ్చెయ్యండి.

ప్రశ్న: అమ్మా, వాలు పక్కన తాడు కట్టి ఉంది. తాడు అవతల ఎవరూ తొక్కని మెత్తటి మంచు. అప్పటికే అయిదారు స్కీ జాడలు కనిపిస్తున్నాయి కూడా. నేనూ దిగాను, ఏమీ కాలేదు. కింద గస్తీవాళ్లు నా పాసు లాక్కున్నారు. ఏమీ కానిదానికి ఇంత శిక్షా?
– ఇరవై నాలుగేళ్ల పాఠకుడు

జవాబు: వాళ్ల చోట నేనున్నా లాక్కునేదాన్నే నాయనా.

నీకు ధైర్యం ఇచ్చినవి ఆ జాడలు. అవి చెప్పేది ఒక్కటే: అయిదుగురు బలహీనమైన చోటు మీద కాలు పెట్టలేదు. ఆరోవాడు పెట్టవచ్చు. మంచుచరియ పై నుంచి దొర్లుకుంటూ వచ్చే ముద్ద అనుకుంటున్నావేమో. మనుషుల్ని చంపేది ఎక్కువగా పలకలా విరిగే మంచు. ముందు చలి రాత్రుల్లో పాత మంచు పైన మెరుపు ముక్కల్లాంటి రేణువులు పెరుగుతాయి, చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. వాటి మీద కొత్త మంచు పడి, గాలి దాన్ని బిగించి పలక చేస్తుంది. అడుగున ఆ రేణువులు పేకమేడలా నిలబడి ఉంటాయి. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు, పైన ఒక మనిషి బరువు. ఇంకేమీ అక్కర్లేదు. చాలాసార్లు పలకను విరగ్గొట్టేది దాని మీద ఉన్న మనిషో, వెంట ఉన్నవాడో.

మేం తెల్లవారకముందే ఎక్కి, లోపల మందు పేల్చి, విరగవలసినదాన్ని జనం రాకముందే విరగ్గొట్టేవాళ్లం. తాడు ఇవతల చేసిన పని అది. తాడు అవతల ఎవరూ చేయలేదు, అందుకే తాడు. ప్రమాద సూచికలో అయిదు మెట్లుంటాయి. అయిదు అని రాస్తే అందరూ ఇంట్లో కూర్చుంటారు. మూడు అని రాసిన రోజే నాకు భయం. మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదనుకునేవాళ్లు బయలుదేరేది ఆ రోజే.

శిక్షణలో ఒకసారి మీటరు లోతున ఒక సంచి పాతిపెట్టి మమ్మల్ని తవ్వమన్నారు. అది ఎక్కడుందో తెలుసు. నలుగురం ఆరోగ్యవంతులం, నాలుగు పారలు. పదకొండు నిమిషాలు పట్టింది. కదిలి ఆగిన మంచు ఆ క్షణం నుంచే బిగుసుకుంటుంది, పార దిగదు. లోపలున్న మనిషి వేలు కూడా కదపలేడు. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవాళ్లలో చాలామంది బతుకుతారు, ఆ తర్వాత ఆశ వేగంగా పడిపోతుంది. నీ వెంట సంకేతం పంపే పరికరం లేదు, గుచ్చి వెతికే కడ్డీ లేదు, పార లేదు, నీ కోసం తవ్వే నలుగురూ లేరు. వాళ్లు తీసుకున్నది పాసు ఒక్కటే.

ప్రశ్న: ఒక కొండ మీద నీలం వాలును నవ్వుతూ దిగాను. ఇంకో దేశంలో నీలం వాలు మీద కూర్చుని ఏడ్చాను. రంగులకు ఒక పద్ధతి లేదా?

జవాబు: ప్రపంచమంతటికీ ఒక పద్ధతి లేదు. ఐరోపాలో చాలాచోట్ల నీలం అంటే సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఉత్తర అమెరికాలో సులువైనది ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. పైగా ఆ గుర్తులు ఆ కొండలోని మిగతా వాలులతో పోల్చి పెట్టినవి. నిటారైన కొండలో సులువన్నది ఇంకోచోట కష్టమవుతుంది. గాజు పట్టిన ఉదయం ఏ రంగునైనా ఒక మెట్టు పెంచి చదువుకోండి. మీరు ఏడ్చింది ఉదయమేనా?

ప్రశ్న: అద్దె బూట్లు ప్రాణం తీశాయి. ఒక సైజు పెద్దవి అడగనా?

జవాబు: వద్దు. వదులు బూటులో పాదం జారి, వేళ్లు వెళ్లి ముందు గోడకు కొట్టుకుంటాయి, గోళ్లు నల్లబడతాయి. మోకాళ్లు ముందుకు వంచి నిలబడండి. అప్పుడు వేళ్లు వెనక్కి జరగాలి. నిటారుగా నిలబడి బూటును కొలిచి ఇరుకని తిరిగి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. సాక్సు ఒక్కటే, పల్చనిది. రెండు వేసుకుంటే రక్తం ఆడక ఇంకా చలి పుడుతుంది. అద్దెకిచ్చేవాళ్లు బరువు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పడినప్పుడు స్కీ ఎంత తేలిగ్గా ఊడాలన్నది ఆ అంకెను కూడా చూసే సరిచేస్తారు. అక్కడ అయిదు కిలోలు తగ్గించి చెప్పి ఆ తర్వాత స్ట్రెచరు మీద నిజం ఒప్పుకున్నవాళ్లను నేను ఎరుగుదును.

ప్రశ్న: రెండో రోజు మబ్బు పట్టింది. మంచూ ఆకాశం ఒకటే తెలుపు. ఆగి నిలబడే ఉన్నాను, అయినా పడిపోయాను! భార్య ఇప్పటికీ నవ్వుతోంది.

జవాబు: ఆవిడకు చెప్పండి, ఇది నాకూ జరిగింది, అదీ యూనిఫాంలో. ఎత్తుపల్లాలను కన్ను పట్టేది నీడలను బట్టి. మబ్బు వెలుగును నలువైపులా సమంగా పరిచేస్తే నీడ ఉండదు, కనుక వాలూ ఉండదు. కదులుతున్నామో ఆగామో చెవిలోని తూకం ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది, కడుపులో తిప్పుతుంది. అలాంటి రోజున పైభాగపు బోడి వాలులు వదిలి చెట్ల మధ్య దారికి దిగిపోండి. నల్లటి మాను కనిపిస్తే చాలు, మెదడుకు నేల దొరుకుతుంది. గాగుల్స్‌కు పసుపో లేత గులాబీ రంగో అద్దం వేయించుకోండి. ముదురు అద్దం ఎండ రోజుకు.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. స్కీ చేయరు. మేమంతా దిగుతుంటే ఆయన గదిలో కూర్చోవాలా? తీసుకెళ్లడం మానేయమంటారా?
– ఒక కూతురు

జవాబు: తీసుకెళ్లండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగండి. తీగ మీద వేలాడుతూ వెళ్లే గొండోలాలో ఒక్కసారిగా పై శిఖరానికి కాకుండా, మధ్య స్టేషనులో దిగి ఓ గంట ఆగి, ఒంట్లో బాగుంటేనే ఇంకా పైకి. మబ్బు పట్టినా నల్లద్దాలు తీయనివ్వకండి. తాజా మంచు అతినీల లోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరగగొడుతుంది, అంటే ఎండ కింద నుంచి కూడా వస్తుంది. కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలయ్యేది కొన్ని గంటల తర్వాత, రాత్రి పడుకోబోయేటప్పుడు. గడ్డం కింద కూడా క్రీము రాయండి. ఆయన నవ్వితే నవ్వనీయండి.

స్కీ చేయనివాళ్లు పడేది వాలు మీద కాదు, కారు దిగేచోట. చక్రాలు నలిపి నలిపి అద్దం చేసిన నేల అది. బూట్లకు తొడిగే మేకుల పట్టీలు దొరుకుతాయి, తీసుకోండి. పెంగ్విన్‌లా చిన్న అడుగులు వేయమనండి.

ఇక ఆయనకు మీరు చూపించవలసింది ఒకటుంది. బాగా చలి పెట్టిన ఉదయం, లిఫ్టులు తిరగకముందు, బయటికి తీసుకురండి. కొత్త మంచు చప్పుడును తాగేస్తుంది, మాట పక్కమనిషి దాకా వెళ్లి ఆగిపోతుంది. అప్పుడు నడవమనండి. బూటు కింద కిర్రు కిర్రుమంటే సుమారు మైనస్ పది కంటే చలిగా ఉన్నట్టు. అంతకంటే వెచ్చగా ఉంటే రేణువులు మెత్తగా నలిగిపోతాయి, చప్పుడు రాదు. పద్నాలుగేళ్లూ చెక్క దగ్గరికి వెళ్లేటప్పుడు నేను థర్మామీటరు చూడకుండా అంకె ఊహించి, తర్వాత సరిచూసుకునేదాన్ని. ఆయనను కూడా ఊహించమనండి.

చేతితొడుగులు రెండు జతలు తెచ్చుకోండి. ఒకటి తప్పకుండా చైర్‌లిఫ్టు నుంచి కింద పడుతుంది.